ఇంగ్లిష్ అంతగా రాని అమ్మాయిని ఎంయూఎన్‌కు పంపవచ్చా?

మీ అమ్మాయి తొమ్మిదో తరగతి, మోడల్ యునైటెడ్ నేషన్స్‌కు (ఎంయూఎన్: పిల్లలు తలా ఒక దేశం తరఫున కూర్చుని ఐక్యరాజ్యసమితిలా చర్చించే నమూనా సభ) పేరు ఇస్తానంటోంది, ఇంగ్లిష్ అంతంతమాత్రం, నలుగురిలో చిన్నబోతుందేమో అని అడిగారు. పంపండి. మాది ములుగు దగ్గర పల్లె, పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో, 2018లో, హైదరాబాద్‌లో ఒక కాలేజీ పెట్టిన ఎంయూఎన్‌కు నేనూ వెళ్లాను.

నాకు యునెస్కో (ఐక్యరాజ్యసమితిలో చదువు, సంస్కృతి వ్యవహారాలు చూసే సంస్థ) కమిటీలో పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశం ఇచ్చారు. అమెరికా, రష్యా, ఇండియా లాంటివి అప్పటికే అవార్డులున్నవాళ్లకు పోయాయి. మ్యాప్‌లో మాలి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. చదవడం మొదలుపెట్టాక మాత్రం వదల్లేకపోయాను. 2012లో ఆ దేశంలోని టింబక్టు పట్టణంలో సాయుధ ముఠాలు పాత సూఫీ సమాధులను పగలగొట్టాయి. అక్కడి మనుషులు ప్రాణాలకు తెగించి వేల రాతప్రతులను పెట్టెల్లో దాచి రాజధాని బమాకోకు చేరవేశారు. ఆ కూల్చివేతలకు 2016లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఒకతనికి తొమ్మిదేళ్ల జైలు వేసింది. రామప్ప గుడి చూస్తూ పెరిగినదాన్ని, అవన్నీ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంకో సంగతి కూడా తెలిసింది: అక్కడ చాలామంది ఇంట్లో బంబారా మాట్లాడతారు, బడికి వెళ్తే ఫ్రెంచ్. ఆ బాధ నాకు కొత్త కాదు.

మా అజెండా ఆన్‌లైన్‌లో తప్పుడు సమాచారం, చదువు మీద, సంస్కృతి మీద దాని ప్రభావం. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు వచ్చారంటూ వాట్సాప్‌లో పుకార్లు తిరిగి, మన దేశంలో అమాయకులను కొట్టి చంపిన ఏడాది అది. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఒకేసారి ఐదు చాట్లకు పరిమితం చేసింది. అందుకే సభ వేడిగా ఉంది.

రెండో రోజు ఉదయం ఇండియా ప్రతినిధి లేచాడు. నీలం బ్లేజర్, గలగలా ఇంగ్లిష్. మన జాతీయగీతాన్ని ప్రపంచంలోకెల్లా గొప్ప గీతంగా యునెస్కో ప్రకటించింది, మన సంస్కృతి స్థాయి అది అన్నాడు. అందరూ బల్లలు చరిచారు. నాకు ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి తిరుగుతున్న ఫార్వర్డ్ అది. అలాంటి ప్రకటనేదీ చేయలేదని యునెస్కోనే చెప్పింది. కూర్చున్నది యునెస్కో కమిటీలో, మాట్లాడుతున్నది తప్పుడు సమాచారం గురించి, చెప్పిన అబద్ధం యునెస్కో పేరు మీదే. ఒక్కరు కూడా అడగలేదు. సభ నడిపే సీనియర్లూ అడగలేదు.

మాట్లాడతానని దేశం పేరున్న ప్లకార్డ్ ఎత్తాను. మాలి అని పిలిచారు. లేచి నిలబడి "ద డెలిగేట్ ఆఫ్ మాలి..." అన్నాను. తర్వాతి వాక్యం రాలేదు. తెలుగులో అయితే ఒక్క ఊపిరిలో చెప్పేసేదాన్ని. మనసులో ఇంగ్లిష్ కూర్చుకునేలోపు టైం అయిపోయిందన్నారు. కూర్చుని, "ఆధారం ఏది?" అని చిట్టీ రాసి పంపాను. "అందరికీ తెలిసిందే" అని దాని వెనకే రాసి తిప్పి పంపాడు. ఆ చిట్టీ ఇప్పటికీ నా సర్టిఫికెట్ల ఫైల్లో ఉంది. సాయంత్రం బెస్ట్ డెలిగేట్ అవార్డు అతనికే ఇచ్చారు.

అప్పటినుంచి నాది ఒకటే మాట: ఈ సభలు తెలుగులో పెట్టాలి. స్థాయి పడిపోతుందంటారు, నేను అస్సలు ఒప్పుకోను. అసలు ఐక్యరాజ్యసమితిలోనే ఆరు అధికార భాషలున్నాయి. ఆ ఆరింటిలో లేని భాషలో మాట్లాడాలన్నా, అనువాదం ఏర్పాటు చేసుకుంటే మాట్లాడనిస్తారు. 1977లో విదేశాంగ మంత్రిగా వాజ్‌పేయి గారు జనరల్ అసెంబ్లీలో హిందీలోనే ప్రసంగించారు. అసలు సభలో చెల్లేది మన నమూనా సభలో ఎందుకు చెల్లదు? మాలి సైతం 2023లో కొత్త రాజ్యాంగం తెచ్చుకుని, ఫ్రెంచ్‌ను అధికార భాష హోదా నుంచి తీసేసి, తన పదమూడు జాతీయ భాషలకు ఆ హోదా ఇచ్చింది. ఆ వార్త చదివి మా అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

రెండేళ్లుగా వేసవి సెలవుల్లో మా ఊళ్లో పిల్లలతో తెలుగులోనే నడుపుతున్నాను. బడి వరండాలో కూర్చుంటాం, పాత శుభలేఖల అట్టలే ప్లకార్డులు. పోయిన మే నెలలో ఒక అబ్బాయి లేచి, ఫోన్ చూసే పిల్లల్లో సగం మంది చదువు మానేస్తున్నారని సర్వేలో తేలింది అన్నాడు. కెన్యా తరఫున కూర్చున్న ఎనిమిదో తరగతి పాప వెంటనే అట్ట ఎత్తింది. "అధ్యక్షా, ఆ సర్వే ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో ముందు చెప్పమనండి." వాడు ఫోన్‌లో చాలాసేపు వెతికాడు. దొరకలేదు. "ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను అధ్యక్షా" అన్నాడు. హైదరాబాద్‌లో ఆ రెండు రోజుల్లో నాకు వినపడని మాట అది.

మీ అమ్మాయి విషయానికొస్తే, బ్లేజర్ కొనకండి, ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫాం చాలు. వేలకు వేలు ఫీజు అడిగేవాటికి పంపకండి. పొజిషన్ పేపర్ (తనకిచ్చిన దేశం వైఖరి చెప్పే కాగితం) ఏఐతో రాయించుకోనివ్వకండి, తను చదవని కాగితాన్ని తను సమర్థించుకోలేదు. "ఆధారం చెప్పండి", "నాకు ఇంకో అర నిమిషం ఇవ్వండి" అనే రెండు వాక్యాలు మాత్రం ఇంగ్లిష్‌లో కంఠతా పట్టించండి. ఆ రెండూ ఆ రోజు నా దగ్గర లేవు. దేశం ఏది వచ్చిందో తెలిశాక నాకు చెప్పండి. మాలి వస్తే నా పాత నోట్స్ అన్నీ పంపిస్తాను.