గెలిచాక 3 శాతం అడిగితే పాటదారు ఎందుకు ఉంటాడు?

ప్రశ్న: మాది గుంటూరు, అరండల్‌పేట. పాత హెచ్ఎంటీ వాచీలు కొని, బాగుచేసి, ఆదివారం ఆదివారం ఆన్‌లైన్‌లో వేలం పెడతాను. నెలకు 60 వేల దాకా అమ్మకాలు. అందులో ముప్పావు వంతు డబ్బు యూపీఐలో వస్తుంది, మిగతాది పేమెంట్ లింకులో కార్డుల మీద. ఆ డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే వాళ్లు 2 శాతం, దాని మీద జీఎస్టీ కోసుకుంటున్నారని గెలిచిన ప్రతి ఒక్కరి బిల్లులో 3 శాతం ప్రాసెసింగ్ ఛార్జీ కలుపుతున్నాను. మొన్న బెంగళూరు ఆయన ఒకరు హెచ్ఎంటీ పైలట్ మోడల్ వాచీ 6,500కి పాడి, పైన 195 చూసి వద్దని వెళ్లిపోయారు. మళ్లీ పెడితే 5,200కే పోయింది. నేను చేసేది తప్పా? రేపు ఈబేలో పెడితే అక్కడా ఇలాగే వేయొచ్చా?

జవాబు: తప్పా ఒప్పా తర్వాత చూద్దాం, ముందు లెక్క చూడండి, ఎందుకంటే మీరు నష్టం తప్పించుకుంటున్నాననుకుంటున్నారు గానీ మీరు పంపిన అంకెలు అలా చెప్పడం లేదు.

60 వేల మీద 3 శాతం అంటే నెలకు 1,800 వసూలు చేస్తున్నారు. గేట్‌వేకి మీరు నిజంగా కట్టేది ఎంత? కార్డుల మీద వచ్చే 15 వేలకు 2 శాతం, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 2.36 శాతం. అంటే 354 రూపాయలు. మిగతా 1,446 ఏ ఖర్చుకీ సంబంధం లేని డబ్బు, మీ జేబులోకే వెళ్తోంది. దాన్ని ప్రాసెసింగ్ ఛార్జీ అనకండి, లాభం అనండి. యూపీఐలో కట్టినవాడి దగ్గర కూడా 3 శాతం తీసుకోవడం నాకు అస్సలు నచ్చలేదు. 2020 జనవరి 1 నుంచి యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకి వ్యాపారి కట్టాల్సిన ఎండీఆర్ (చెల్లింపు తీసుకున్నందుకు వ్యాపారి దగ్గర కోసుకునే ఛార్జీ) సున్నా. మీకు పడని ఖర్చుకి బిల్లు వేస్తున్నారు. (బ్యాంకు ఇచ్చిన క్యూఆర్ కాకుండా యూపీఐ కూడా గేట్‌వే లింకులోనే తీసుకుంటుంటే వాళ్లు వేరే పేరుతో ఏమైనా కోస్తున్నారేమో స్టేట్‌మెంట్లో చూసుకోండి. కోస్తుంటే సొంత క్యూఆర్‌కి మారిపోండి, అంతే.)

ఇక బెంగళూరు ఆయన సంగతి. 6,500కి పోవాల్సింది 5,200కి పోయింది, అంటే 1,300 గల్లంతు. నెలంతా అందరి దగ్గరా గీకిన అదనం దాదాపు మొత్తం ఆ ఒక్క వాచీలోనే కొట్టుకుపోయింది.

కానీ ఆయన చెప్పి వెళ్లాడు కాబట్టి మీకు తెలిసింది. చెప్పకుండా కోసుకునేవాళ్ల సంగతి ఆలోచించారా? గుంటూరులో చీటీ పాట తెలియని ఇల్లు ఉండదు కాబట్టి అదే చెబుతాను. చీటీ పాడేవాడు కమీషన్ పోగా చేతికి ఎంత వస్తుందో ముందే లెక్కేసుకునే నోరు తెరుస్తాడు. చీటీల చట్టం ప్రకారం ఫోర్‌మన్ (చీటీ నడిపేవాడు) కమీషన్ 5 శాతం దాటకూడదని ఉండేది, 2019లో దాన్ని 7 శాతానికి పెంచారు, ఎంతైనా అది ముందే కాగితం మీద ఉంటుంది, దాన్ని మనసులో తీసేసుకునే పాడతారు. మీ ఆదివారం వేలమూ అంతే. ఒకాయన ఒక వాచీకి 6,500 దాటి పెట్టకూడదనుకున్నాడు, మీరు చివర్లో 3 శాతం వేస్తారని పోయిన నెలే చూశాడు, ఇక 6,310 దగ్గర ఆగిపోతాడు. మీ పాత కస్టమర్లంతా ఆ 3 శాతాన్ని ఎప్పుడో పాటలోంచే కోసేసుకుని ఉంటారు. ధర మీరు నిర్ణయించే కొట్లో అయితే అదనం కొంతవరకు కొనేవాడి మీదకు నెట్టొచ్చు. వేలంలో ధర చెప్పేదే వాడైనప్పుడు మీరు నెట్టింది తిరిగి మీ మీదకే వస్తుంది. కొత్తగా వచ్చినవాడికే ఆ సంగతి తెలియదు, వాడే బిల్లు చూసి చిరాకుపడి పారిపోతాడు.

నేనూ ఒకసారి అలాగే పారిపోయాను లెండి. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక కొట్లో మిక్సీ బేరం అంతా అయ్యాక, కార్డు తీస్తే 2 శాతం ఎక్కువవుతుందన్నాడు. డబ్బు పెద్దది కాదు, కానీ ముందే చెప్పలేదన్న కోపానికి పక్క కొట్లో ఇంకో వంద ఎక్కువ పెట్టి కొన్నాను. ఆర్థిక సలహాలు ఇచ్చే మనిషి చేయాల్సిన పనేనా అది? కాదు. కానీ కొనేవాళ్లు అలాగే ఉంటారు.

తప్పా అన్నారు కాబట్టి అదీ చెబుతాను. డెబిట్ కార్డుల మీద ఎండీఆర్‌ని కొనేవాళ్ల మీద వేయకుండా చూడాలని రిజర్వు బ్యాంకు 2017 డిసెంబరులో బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. క్రెడిట్ కార్డుల విషయంలో మీరు గేట్‌వేతో చేసుకున్న ఒప్పందం తెరిచి చదవండి (ఓకే నొక్కేసి వదిలేశారు కదా), అదనం వసూలు చేయకూడదన్న షరతు ఉందేమో చూడండి. ఇక పాట అయిపోయాక కొత్త ఛార్జీ బయటపెట్టడం అంటారా, ఇలా చివర్లో ధర పెంచడాన్ని 2023 నవంబరులో కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో మోసపూరిత పద్ధతుల జాబితాలో పెట్టారు. ఎవరైనా కోపంగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే, వాచీలు బాగుచేసుకోవాల్సిన టైములో మీరు జవాబులు రాసుకుంటూ కూర్చోవాలి.

మరి ఆ 354 ఎవరు భరించాలి? మీరే, కానీ మొదటి ధరలో పెట్టుకుని. 60 వేలకు 354 అంటే వంద రూపాయల అమ్మకానికి 59 పైసలు. 3,000కి మొదలుపెట్టే వాచీని 3,020కి మొదలుపెట్టండి, సరిపోతుంది. అందరూ కార్డుతోనే కట్టినా 3,075 చాలు. పోస్టులో ముందే "పాడిన ధరే చివరి ధర, కొరియర్ ఇంత" అని రాయండి. యూపీఐ క్యూఆర్‌ని పైన పెట్టి, కార్డు లింకు అడిగినవాళ్లకే పంపండి. రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి తగిలించి కట్టేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు, అక్కడ 2,000 దాటితే మీకు ఛార్జీ పడొచ్చు, ఆశ్చర్యపోకండి.

మీరు అడగలేదు గానీ మీ డబ్బు నిజంగా కారేది రిఫండ్ల దగ్గర. చాలా గేట్‌వేలు మీరు రిఫండ్ ఇచ్చినా మొదట కోసుకున్న ఫీజు వెనక్కి ఇవ్వవు. కార్డుతో 6,500 కట్టినాయన వాచీ నడవట్లేదని తిప్పిపంపితే 153 రూపాయలు పోతాయి, రెండు వైపులా కొరియర్ అదనం. అందుకని వాచీ నడుస్తున్న వీడియో, డయల్ రీపెయింట్ చేశారా లేదా, గాజు మార్చారా, ఇవన్నీ పాటకు ముందే పెట్టండి. ఆ ఇరవై నిమిషాల పని మీ 3 శాతం కంటే ఎక్కువ మిగులుస్తుంది.

ఈబే సంగతికొస్తే, అక్కడ కుదరదు. ఈబే ఇండియా సైటు 2018లో మూతపడినా ఇక్కడి నుంచి విదేశాలకు అమ్మడం ఇప్పటికీ కుదురుతుంది. అయితే డబ్బు పేపాల్ అనే చెల్లింపు సంస్థ ద్వారా వచ్చి, దాని ఫీజు విడిగా పడే రోజుల్లోనే దాన్ని కొనేవాడి మీద వేయకూడదన్నది వాళ్ల నియమం. ఇప్పుడు పేమెంటు ఖర్చు కూడా వాళ్లు తీసుకునే ఫీజులోనే కలిసి ఉంటుంది. ఆ ఫీజు వాచీ ధర మీద మాత్రమే కాదు, షిప్పింగ్ కలిపిన మొత్తం మీద పడుతుంది. 5,000 వాచీకి 1,500 షిప్పింగ్ అయితే 6,500 మీద కోస్తారు. మొదటి ధర వేసుకునేటప్పుడు ఇది మర్చిపోతే చాలామందికి తెలిసొచ్చేది మొదటి నెల చివర్లోనే.

ఇంకో మాట, ఇది 3 శాతం కంటే పెద్దది. మీ పాటల్లో బెంగళూరు వాళ్లూ పాడుతున్నారు. కొని బాగుచేసి అమ్మడం వ్యాపారమే. ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటకపోతే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న పరిమితి చూసుకుని ధైర్యంగా ఉన్నట్టున్నారు, కానీ పన్ను పడే సరుకుని పక్క రాష్ట్రానికి అమ్మేవాళ్లకు ఆ పరిమితి వర్తించదు, రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిందే. ఇన్నాళ్లూ బిల్లులో వేసిన ఆ ప్రాసెసింగ్ ఛార్జీ కూడా అమ్మకం విలువలోనే లెక్కకొస్తుంది. పుస్తకంలో కూడా బ్యాంకులో పడిన మొత్తం కాకుండా పూర్తి పాట ధర రాసి, గేట్‌వే ఫీజుని ఖర్చు కింద విడిగా చూపించండి. బ్రాడీపేటలో ఆడిటర్లకు కొదవ లేదు, ఈ వారంలోనే ఒకరిని కలవండి.

ఆ బెంగళూరు ఆయనకు ఒక మెసేజ్ పెట్టండి, 3 శాతం తీసేశామని. ఇంకో పైలట్ వచ్చినప్పుడు పాడతాడేమో.