అమ్మాయి పీహెచ్‌డీ అంటోంది... ఇంకా ఐదేళ్లు మేమే చదివించాలా?

ప్రశ్న: నల్గొండ జిల్లాలో ఆటో నడుపుతాను. మాది ఎస్సీ కుటుంబం. మా అమ్మాయి డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివింది. ఇప్పుడు ఎంఏ ఎకనామిక్స్ రెండో ఏడాది, ఇప్పటిదాకా 57 శాతం ఉంది. పీహెచ్‌డీ చేస్తానంటోంది. మా ఇంట్లో డిగ్రీ దాటినవాళ్లు లేరు. ఇంకా ఐదేళ్లు ఖర్చు భరించగలమా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు డబ్బు సంగతే చూద్దాం. పీహెచ్‌డీకి ఇంట్లోంచి డబ్బు పెట్టాల్సిన పని లేదు, ఫెలోషిప్ (పరిశోధన చేసేవారికి నెలనెలా ఇచ్చే డబ్బు) వస్తేనే. అది రాకుండా సీటు దొరికింది కదా అని చేరడం మీలాంటి కుటుంబానికి మంచిది కాదు. కాబట్టి అమ్మాయి ఇప్పుడు గురిపెట్టాల్సింది సీటు మీద కాదు, యూజీసీ నెట్ అనే జాతీయ స్థాయి అర్హత పరీక్ష మీద. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు ఇస్తారు, ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) అదనం. జేఆర్‌ఎఫ్ తప్పిపోయినా ఎస్సీ విద్యార్థులకు నేషనల్ ఫెలోషిప్ ఉంది. ఏటా కొత్తగా 2,000 మందికి, నెట్ మెరిట్ ఆధారంగా ఇస్తారు. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి ఇవేవీ రావు.

ఎంఏ చివరి ఏడాదిలో ఉండగానే నెట్ రాయొచ్చు. ఫలితం వచ్చిన రెండేళ్లలోపు పీజీ పూర్తి చేయాలి. ఎస్సీలకు 50 శాతం చాలు కాబట్టి 57 గురించి దిగులు వద్దు. జేఆర్‌ఎఫ్ వయోపరిమితి 30 ఏళ్లు, ఎస్సీలకూ మహిళలకూ ఐదేళ్ల సడలింపు ఉంది. పరీక్ష జూన్, డిసెంబరు విడతల్లో జరుగుతుంది.

చాలామంది దెబ్బతినేది దరఖాస్తులోనే. 2024 జూన్ నుంచి నెట్‌లో మూడు కేటగిరీలు వచ్చాయి: జేఆర్‌ఎఫ్‌తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో పాటు పీహెచ్‌డీ ప్రవేశం, కేవలం పీహెచ్‌డీ ప్రవేశం. "మనకు కావాల్సింది పీహెచ్‌డీయే కదా" అని మూడోది ఎంచుకుంటే జేఆర్‌ఎఫ్ పోటీలోనే ఉండరు. మొదటిది ఎంచుకుంటే, కటాఫ్‌ను బట్టి మిగతా రెండింటికీ పరిగణిస్తారు. రెండో, మూడో కేటగిరీల్లో వచ్చిన స్కోరు ఏడాది మాత్రమే చెల్లుతుంది. ప్రవేశాల్లో దానికి 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఈ దారిలో సీటు వస్తుంది, జేఆర్‌ఎఫ్ రాదు. సెంట్రల్ యూనివర్సిటీ అయితే నెలకు 8,000 రూపాయల నాన్‌-నెట్ ఫెలోషిప్ దొరుకుతుంది. హాస్టల్లో ఉండి నెట్టుకురావచ్చు, అంతే.

కుల ధ్రువీకరణ పత్రంలో పేరు, ఇంటిపేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి. లేకపోతే ఇప్పుడే మీసేవలో దరఖాస్తు పెట్టి సరిచేయించండి, నోటిఫికేషన్ వచ్చాక తిరిగితే టైం చాలదు. (ఇది చదువుతున్న బీసీ తల్లిదండ్రులకు: నెట్‌కు రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ పనికిరాదు, కేంద్ర ఓబీసీ జాబితా ప్రకారం ఇచ్చిన నాన్‌-క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు, ముందే చూసుకోండి.)

పరీక్షలో 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. మన పిల్లలకు విషయం తెలిసినా ప్రశ్న చదవడానికే సమయం అయిపోతుంది. పాత పేపర్లను గడియారం పెట్టుకుని చేయడం తప్ప దీనికి మందు లేదు. ఎకనామిక్స్ సిలబస్‌లో పది యూనిట్లున్నాయి. మూడోది స్టాటిస్టిక్స్, ఎకనోమెట్రిక్స్, నాలుగోది మ్యాథమెటికల్ ఎకనామిక్స్. ఇంటర్‌లో లెక్కలు చదవనివాళ్లు ఈ రెండూ పక్కన పెట్టేసి ఇండియన్ ఎకానమీనే పదేపదే చదువుతారు. జేఆర్‌ఎఫ్ చేజారేది అక్కడే. ఈ రెండు యూనిట్లకు కనీసం మూడు నెలలు కేటాయించమనండి.

ఇంటర్వ్యూకు రీసెర్చ్ ప్రపోజల్ అడుగుతారు. "తెలంగాణలో మహిళా సంఘాలు" అన్నది టాపిక్ కాదు, ఓ పుస్తకం పేరు. "నల్గొండ జిల్లాలో రెండు మండలాల్లో, బ్యాంకు లింకేజీ రుణం తీసుకున్న సభ్యులు వాయిదా కట్టడానికి బయట మళ్లీ అప్పు చేస్తున్నారా?" అంటే అది ప్రశ్న. ఎవరిని అడగాలి, ఎంతమందిని అడగాలి, ఏ రికార్డులు చూడాలి అన్నది దాని వెంటే తేలుతుంది. తన ఎంఏ ప్రాజెక్టు గురించి ఐదు నిమిషాలు ఇంగ్లిష్‌లో ఆగకుండా చెప్పగలిగేలా ఇంట్లో మీ ముందే సాధన చేయమనండి. మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ఎక్కడ తడబడుతోందో మీకు తెలిసిపోతుంది.

గైడ్ సంగతి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒకేసారి ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మందికి మించి స్కాలర్లు ఉండకూడదు. రిటైర్మెంటుకు మూడేళ్లలోపున్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. అందుకే పేరున్న ప్రొఫెసర్ల దగ్గర తరచూ ఖాళీలుండవు. డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో ఎవరి కింద ఎంతమంది ఉన్నారో చూసి, ఇద్దరు ముగ్గురికి చిన్న మెయిల్ రాయడం తప్పేమీ కాదు. ఎంఏ పూర్తయ్యేలోగా ఆ పని చేయాలి. మనకెందుకులే అని మొహమాటపడి ఆగిపోయేది మన పిల్లలే. థీసిస్ మేమే రాయిస్తామనే దళారుల జోలికి మాత్రం పోవద్దు.

సీటు వచ్చి చేరాక మొదటి ఫెలోషిప్ డబ్బు వెంటనే రాదు. జాయినింగ్ పత్రాలు వెళ్లాలి, ఆపైన జేఆర్‌ఎఫ్‌కు ప్రతి నెలా యూనివర్సిటీ ఆఫీసు పోర్టల్‌లో కన్ఫర్మేషన్ పెట్టాలి. అక్కడ గుమాస్తా ఒక నెల మరిచిపోతే ఆ నెల డబ్బు ఆగుతుంది, తర్వాత బకాయితో కలిపి వస్తుంది. ఆ పని ఎవరు చూస్తారో అమ్మాయి చేరిన వారంలోనే కనుక్కోవాలి. మీరు మాత్రం ఐదారు నెలల హాస్టల్, మెస్ ఖర్చు చేతిలో ఉంచుకోండి.