ఓజు సినిమాలు చూడబోయే మేనకోడలికి

చి. అమ్మాయికి,
మామయ్య ఆశీస్సులు.

నీ షార్ట్ ఫిల్మ్ స్క్రిప్ట్ చదివాను. తాతయ్య కట్టుకున్న ఇల్లు నాన్న అమ్మకానికి పెట్టడం, కథ బాగుంది. కానీ ‘ఓజు స్టైల్లో తీస్తాను, కెమెరా మొత్తం నేల మీదే పెడతాను’ అని రాశావు చూడు, అక్కడ కాస్త ఆగు. ఇన్నేళ్లు ఎడిటింగ్ గదిలో గడిపినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. జపాన్ దర్శకుడు యసుజిరో ఓజుకి ఏ సీన్ తీయక్కర్లేదో తెలుసు. ఆయన దగ్గర ముందు అది నేర్చుకో.

1949లో వచ్చిన ‘లేట్ స్ప్రింగ్’తో మొదలుపెట్టు. సినిమా అంతా కూతురి పెళ్లి గొడవే. తండ్రిని వదిలి వెళ్లనని ఆ పిల్ల పట్టు. తనూ మళ్లీ పెళ్లి చేసుకుంటున్నానని తండ్రి అబద్ధమాడి ఆమెను ఒప్పిస్తాడు. తీరా చూస్తే పెళ్లే తెర మీద లేదు! పెళ్లికొడుకు ముఖం కూడా చూపించడు. ముస్తాబైన కూతురు తండ్రికి నమస్కరించి వెళ్లిపోతుంది. ఖాళీ గది కనిపిస్తుంది. రాత్రి ఇంటికొచ్చిన తండ్రి ఒక్కడే కూర్చుని ఆపిల్ తొక్క తీస్తుంటాడు. మన సినిమాల్లో అప్పగింతల పాటలు ఉంటాయి, వాటిని నేను తక్కువ చేయను. కానీ నీ కథలో రిజిస్ట్రేషన్ ఆఫీసులో తాతయ్య కన్నీళ్లు పెట్టుకునే సీన్ ఉందే, దాన్ని పూర్తిగా తీసేసి స్క్రిప్ట్ ఒకసారి చదివి చూడు.

తర్వాత ‘టోక్యో స్టోరీ’, 1953. ఒనోమిచి నుంచి ముసలి దంపతులు పిల్లల్ని చూడ్డానికి టోక్యో వస్తారు. కొడుకు డాక్టరు, కూతురిది బ్యూటీ పార్లర్, ఎవరి పనులు వాళ్లవి. అమ్మానాన్నల్ని అతామిలో వేడినీటి బుగ్గల దగ్గరున్న ఒక సత్రానికి పంపేస్తారు. అక్కడ రాత్రంతా గోల, వాళ్లకు నిద్ర ఉండదు. పొద్దున సముద్రపు గట్టు మీద కూర్చుని ఇక ఇంటికి పోదాం అనుకుంటారు. లేవబోయిన ఆవిడకు కళ్లు తిరిగి, అక్కడే కూలబడుతుంది. నిద్ర లేక అంతే అని సర్దిచెప్పుకుంటుంది. ఆమె ముఖం మీదికి కెమెరా పరిగెత్తదు. తిరుగు ప్రయాణంలో ఆవిడకు రైల్లో జబ్బు చేసిన సంగతి కూడా ఒసాకాలో ఉన్న కొడుకు మాటల్లోనే మనకు తెలుస్తుంది.

అదే సినిమాలో కూతుర్ని జాగ్రత్తగా గమనించు. ఆ తల్లి అంత్యక్రియలైన వెంటనే, భోజనాల దగ్గరే, అమ్మ బట్టలు నాకు కావాలంటుంది. మనకు ఒళ్లు మండుతుంది. కానీ అమ్మ పోయినప్పుడు బోరుమన్నదీ ఆమే. రెండూ నిజమే. నీ స్క్రిప్ట్‌లో నాన్న మాత్రం మొదటి సీన్ నుంచీ విలన్‌లాగే ఉన్నాడు. ఆయనకు ఆ డబ్బు అవసరం ఎందుకొచ్చిందో ఒక్క మాటైనా పెట్టు.

ఇక కెమెరా సంగతి. 50 ఎంఎం లెన్సు, పొట్టి స్టాండు, చాలావరకు కదలని ఫ్రేము, ఇవన్నీ నిజమే. అయితే జనం చాపల మీద కూర్చుంటారు కాబట్టి అలా పెట్టాడనుకోకు. ఆఫీసుల్లో, కుర్చీల్లో కూర్చున్న సీన్లలోనూ ఆయన కెమెరా కిందే ఉంటుంది. అది ఆయన ఎన్నో సినిమాలు తీసి ఖాయం చేసుకున్న చూపు. 1923లో షోచికు స్టూడియోలో కెమెరా అసిస్టెంటుగా చేరి, 1927లో మొదటి సినిమా తీసి, మూకీల్లో కామెడీలూ అవీ తీస్తూ అక్కడికి చేరాడు. నీ వాళ్లంతా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్లను ఎక్కడి నుంచి చూడాలో నువ్వే తేల్చుకోవాలి.

ఆయన కష్టమంతా రాతలో ఉంది. రచయిత కోగో నోదాతో కలిసి చిగాసాకిలో ఒక సత్రంలో, తర్వాతి రోజుల్లో తాతేషినా కొండల్లో నెలల తరబడి కూర్చుని రాసేవాడు. పెళ్లే చేసుకోని మనిషికి ఇన్ని ఇళ్ల లోగుట్టు తెలియడం నాకెప్పుడూ ఆశ్చర్యమే. తల్లితోనే ఉండేవాడు. ఆవిడ 1962లో పోయింది. మరుసటి ఏడాది, సరిగ్గా తన అరవయ్యో పుట్టినరోజున, ఆయనా పోయాడు.

తాతయ్య వేషానికి ముసలాయనే దొరకాలని టెన్షన్ పడకు. ‘టోక్యో స్టోరీ’లో డెబ్బై ఏళ్ల తండ్రిగా కనిపించే చిషూ ర్యూకి అప్పటికి 49 ఏళ్లు. నడక, కూర్చునే తీరు, మాటకు ముందు తీసుకునే ఆ కాస్త వ్యవధి, వీటితోనే నెట్టుకొచ్చాడు.

లొకేషన్‌కి అడ్వాన్స్ ఇచ్చేముందు, తాతయ్యా నాన్నా టీ తాగే సీన్ ఒక్కటి ఫోన్లో తీసి పంపించు. ఇంటి అమ్మకం మాట ఇద్దరి నోటా రాకూడదు.

ఇట్లు,
మామయ్య