విప్పి బాగుచేసుకునే వీలున్న గోల్ఫ్ బ్యాగు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: పెరియమేట్‌లో మాకు చిన్న బ్యాగుల తయారీ యూనిట్ ఉంది. బడి సంచులు, ప్రయాణపు బ్యాగులు కుడతాము. నందనం గోల్ఫ్ మైదానంలో ఆడేవారు కొందరు తమ బ్యాగులను మరమ్మతుకు మా దగ్గరకు తెస్తుంటారు. పాడైన భాగం చిన్నదే అయినా, సగం బ్యాగు విప్పితే తప్ప అక్కడికి సూది చేరదు. సులభంగా బాగుచేసుకోదగిన బ్యాగును మీరే కుట్టవచ్చు కదా అని వారు అడుగుతున్నారు. కాళ్లున్న రకం, అంటే స్టాండ్ బ్యాగు చేయాలని ఉంది. మందమైన గుడ్డ వాడితే సరిపోతుందా? రూపకల్పన ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక తయారీదారు, చెన్నై

జవాబు: గుడ్డ మందంతో మొదలుపెట్టవద్దని నా సలహా. మీ దగ్గరకు వచ్చిన బ్యాగులను ఒకసారి గుర్తుచేసుకోండి. గుడ్డ చినిగి వచ్చినవి తక్కువగా ఉంటాయి. రన్నర్ (జిప్పును మూసి తెరిచే లాగుడు ముక్క) పట్టు వదిలిన జిప్పులు, వంగిన కాళ్లు, ఊడిన అడుగు కప్పులు, కుట్టు తెగిన భుజం పట్టీలే ఎక్కువగా ఉంటాయి. నిబంధనల ప్రకారం ఆటగాడు 14 క్లబ్బులకు (బంతిని కొట్టే కర్రలకు) మించి వెంట ఉంచుకోరాదు. ఆ పద్నాలుగూ కలిసి ఐదారు కిలోలు తూగుతాయి. బంతులు, నీళ్ల సీసా, గొడుగు, వాన ముసుగు చేరితే మొత్తం పది కిలోలకు చేరడం మామూలే. ఆ బరువు గుడ్డ మీద సమంగా పరుచుకోదు. అడుగు అంచు మీద, కాళ్ల ఇరుసు మీద, పట్టీని బిగించిన రెండు చోట్ల మీద పడుతుంది. అందువల్ల 600 డెనియర్ (దారం లావును చెప్పే కొలత) పాలిస్టర్ బదులు 1000 డెనియర్ వాడినంత మాత్రాన మరమ్మతులు తగ్గవు. బరువూ ధరా మాత్రం పెరుగుతాయి.

మీరు చెప్పిన ఇబ్బందికి అసలు కారణం కుట్టే వరుసలో ఉంది. సాధారణంగా గుడ్డను బల్ల మీద పరిచి, దానిపై జేబులు, జిప్పులు అన్నీ కుట్టి, ఆ తరువాత దానిని గొట్టంలా చుట్టి నిలువు కుట్టు వేసి, చివరగా కింద అడుగు కప్పును, పైన మూతి చట్రాన్ని రివెట్లతో బిగిస్తారు. ఫ్యాక్టరీకి ఇదే వేగవంతమైన పద్ధతి. అయితే గొట్టం ఒకసారి మూసుకున్నాక, సుమారు 35 అంగుళాల పొడవున్న ఆ బ్యాగులో మనిషి చేయి అడుగు భాగం దాకా చేరదు, కుట్టు మిషను అసలే చేరదు. అన్నిటికంటే ముందు పాడయ్యే జిప్పు అన్నిటికంటే ముందే లోపల చిక్కుకుపోతోంది. మీ నమూనాలో ఈ వరుస తలకిందులు కావాలి: త్వరగా పాడయ్యే భాగం చివర చేరాలి, విప్పేటప్పుడు మొదట బయటికి రావాలి. బ్యాగు బొమ్మ గీయడానికి ముందే, భాగాలను పాడయ్యే క్రమంలో కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కదాని ఎదుట దానిని తీయాలంటే ఇంకేమేమి విప్పవలసి వస్తుందో రాయండి. ఆ రెండో వరుసలో ఒకటికి మించి పేర్లు పడిన ప్రతిచోటా రూపకల్పన మార్చవలసి ఉంటుంది.

జిప్పు గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మరమ్మతుల్లో పెద్ద వాటా దానిదే. చాలాసార్లు పళ్లు బాగానే ఉంటాయి. రన్నర్ దవడలు అరిగి వెడల్పు కావడం వల్ల పళ్లను దగ్గరకు నొక్కలేకపోతుంది. పట్టకారుతో మెల్లగా నొక్కితే కొన్నాళ్లు పనిచేస్తుంది గానీ, శాశ్వత పరిష్కారం కొత్త రన్నర్ ఎక్కించడమే. అది రెండు నిమిషాల పని. కాని జిప్పు టేపు రెండు కొసలనూ బైండింగు (అంచును కప్పే గుడ్డ పట్టీ) కింద దాచి కుట్టేయడం వల్ల, రన్నర్ ఎక్కించే దారి లేక జిప్పు మొత్తాన్ని మార్చవలసి వస్తోంది. మీరు ఒక కొసను అరంగుళం బయటికి వదిలి, దానిపై చిన్న గుడ్డ ముక్కను నాలుగు చేతికుట్లతో మూయండి. బ్యాగు మొత్తానికీ ఒకే నంబరు నైలాన్ కాయిల్ జిప్పు (పళ్ల బదులు చుట్టలు చుట్టిన నైలాన్ తీగ ఉన్నది) వాడండి. జిప్పు నంబరు మూసిన పళ్ల వెడల్పును సుమారుగా మిల్లీమీటర్లలో చెబుతుంది కనుక 8వ నంబరు పెద్ద జేబుకూ చిన్న జేబుకూ సరిపోతుంది. అచ్చుపోసిన ప్లాస్టిక్ పళ్ల జిప్పు చూడడానికి బాగుంటుంది కాని, ఒక్క పన్ను విరిగితే మొత్తం మార్చాలి. కాయిల్ జిప్పు పక్కకు జారినా రన్నర్‌ను వెనక్కి లాగి మళ్లీ వేస్తే చాలాసార్లు కూర్చుంటుంది.

ఇంకొక సంగతి. పూత ఉన్న గుడ్డలో సూది రంధ్రం పూడదు. జిప్పును రెండుమూడుసార్లు విప్పి కుడితే, ఆ రంధ్రాల వరుసలోనే గుడ్డ చినుగుతుంది. కాబట్టి జిప్పును నేరుగా బ్యాగు గుడ్డకు కుట్టకుండా, ముందు ఒక గట్టి నైలాన్ పట్టీకి కుట్టి, ఆ పట్టీని గుడ్డకు కుట్టండి. చీరకు ఫాల్ వేసినట్టు, అరుగుదలా విప్పి కుట్టడమూ పట్టీ మీద పడి అసలు గుడ్డ నిలుస్తుంది. దారం పాలిస్టర్‌దే వాడండి. ఎండకు నైలాన్ దారం కంటే అది మెరుగ్గా ఓర్చుకుంటుంది, నూలు దారం వానకు కుళ్లుతుంది.

జేబుల విషయంలో మీరు కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు. కంపెనీల లోగోలు ఎంబ్రాయిడరీ చేయడానికి వీలుగా, బంతుల జేబు ముందు పలకను జిప్పుతో విడదీసే ఏర్పాటు మార్కెట్లో చాలా బ్యాగులకు ఇప్పటికే ఉంది. ప్రచారం కోసం పలక ఊడి రాగలిగినప్పుడు మరమ్మతు కోసం ఎందుకు రాకూడదన్నది నాకెప్పుడూ అర్థం కాని విషయం. పెద్ద జేబును కూడా అలాగే విడి పలకగా చేస్తే, దానిని బల్ల మీద పరిచి మామూలు మిషను మీదే కుట్టవచ్చు.

అడుగు కప్పు దగ్గర కుట్టు, జిగురు, రివెట్టు మూడూ మానండి. గుడ్డ గొట్టం కింది అంచును మడిచి, అందులో ఒక తాడు పెట్టి లావుగా చేసి, ఆ అంచును బయటి కప్పుకూ లోపలి రింగుకూ మధ్య ఇరికించి, ఆరు మర స్క్రూలతో బిగించండి. తాడు ఉన్నందున గుడ్డ జారి రాదు. స్క్రూలు విప్పితే అడుగు పూర్తిగా తెరుచుకుంటుంది; పై నుంచి చేయి చేరని చోటికి కింద నుంచి దారి దొరుకుతుంది. క్లబ్బులను వేరుచేసే లోపలి అరల గుడ్డ కింది కొసలు తెగి, కర్రలు ఒకదానితో ఒకటి చిక్కుకోవడం మీరు చూసే ఉంటారు. ఆ అరలను మూతి చట్రానికి వేలాడదీసి, కింద ప్రెస్ బటన్లతో అడుగు రింగుకు తగిలిస్తే, చట్రం విప్పినప్పుడు అరలన్నీ కలిసి ఒకే ముక్కగా పైకి వస్తాయి. ఉతకడానికి కూడా వీలు.

కాళ్ల యంత్రాంగం చూడడానికి జటిలంగా ఉన్నా పనిచేసే తీరు సరళమైనదే: బ్యాగును ముందుకు వాల్చినప్పుడు అడుగున ఉన్న మడత భాగం ఒక ఉక్కు కడ్డీని పైకి నెడుతుంది, ఆ కడ్డీ మూతి దగ్గరున్న ఇరుసు వద్ద కాళ్లను బయటికి తోస్తుంది. పాడయ్యేది ఎక్కువగా ఇరుసు పట్టుకున్న ప్లాస్టిక్ బ్రాకెట్టు, లేదా వంగిన కడ్డీ. బ్రాకెట్టును నాలుగు స్క్రూలతో, లోపలివైపు లోహపు పలక ఆసరాగా బిగించండి. ఇరుసుకు రివెట్టు బదులు బోల్టు, కదిలినా వదులు కాని నైలాక్ నట్టు పెట్టండి. చెన్నై ఉప్పుగాలిలో అల్యూమినియం కాలికి స్టెయిన్‌లెస్ స్క్రూ నేరుగా తగిలితే అల్యూమినియం తినివేతకు గురవుతుంది, అందుకని మధ్యలో నైలాన్ వాషర్ తప్పనిసరి. బ్యాగు మొత్తంలో స్క్రూలన్నీ 4 మిల్లీమీటర్లవే, స్టార్ గాడివే కావాలి. అలెన్ కీ రకం అందంగా ఉంటుంది, కాని మైదానంలో బ్యాగు మోసే కేడీ దగ్గరో వాచ్‌మన్ దగ్గరో దొరికేది స్టార్ స్క్రూ డ్రైవరే.

పట్టీలు, బకిళ్లు ఏ హోల్‌సేల్ దుకాణంలోనైనా దొరికే ఒకటిన్నర అంగుళం వెడల్పులోనే పెట్టుకోండి. బ్యాగును నిలబెట్టే కడ్డీలు దూరే గొట్టాల మూతిని కుట్టకుండా వెల్క్రోతో మూయండి.

ప్రశ్న: రెండేళ్లు ఆటకు దూరంగా ఉండి, ఇప్పుడు బ్యాగు బయటికి తీస్తే మూతి చుట్టూ ఉన్న రెగ్జిన్ పొరలు పొరలుగా రాలుతోంది, లోపలి జేబు జిగటగా మారింది. వాడకుండానే ఇలా ఎందుకయింది? బాగుచేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, మైలాపూర్

జవాబు: అది పాలియురిథేన్ పూత అయి ఉంటుంది. ఈ పదార్థంలో ఎస్టర్ రకం గాలిలోని తేమతో చర్య జరిపి, తన అణువుల గొలుసులు తానే తెంచుకుంటుంది. దీనిని జలవిశ్లేషణ అంటారు. వేడి, తేమ రెండూ ఉన్న మన తీరప్రాంతంలో అది మరింత వేగంగా సాగుతుంది, వాడకంతో దానికి సంబంధం లేదు. కొన్నేళ్లు అటక మీద ఉన్న బూట్ల అడుగులు ఒక్కసారి తొడిగేసరికి పొడిపొడి కావడానికీ ఇదే కారణం. రాలిన పూతను తిరిగి అతికించే మందు లేదు. మూతి చుట్టూ ఉన్న ముక్కను తీసి, బట్టలా నేసిన నైలాన్‌తో మార్పించండి. అది కుట్టుతో ఉంటే పని కష్టమే, స్క్రూలతో ఉంటే గంటలో అవుతుంది. జిగటపడిన జేబు లోపలి గుడ్డను విడిగా కత్తిరించి కొత్త లైనింగు వేయించవచ్చు. తయారీదారులు పాలియురిథేనే వాడదలచుకుంటే ఈథర్ రకం అడగాలి, అది తేమకు బాగా తట్టుకుంటుంది. పీవీసీ రెగ్జిన్‌కు ఈ జబ్బు లేదు గాని, దానిని మెత్తగా ఉంచే ద్రవ్యం క్రమంగా బయటికి పోయి గట్టిపడి పగులుతుంది. ఏ రకమైనా కారు డిక్కీలో నిలవ ఉంచకండి. వానలో తడిస్తే జేబులన్నీ తెరిచి నీడలో ఆరబెట్టండి.

ప్రశ్న: ఇన్ని స్క్రూలు, నట్లు పెడితే బ్యాగు బరువెక్కదా? మోసుకుని ఆడేవారికి ప్రతి గ్రామూ లెక్కే కదా.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: లెక్క వేసి చూద్దాం. 4 మిల్లీమీటర్ల మందం, 12 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఉక్కు స్క్రూ, నట్టు, వాషర్ కలిపి మూడు గ్రాములకు అటూఇటుగా ఉంటాయి. అలాంటివి పాతిక వాడినా డెబ్బై ఐదు గ్రాములు. గోల్ఫ్ బంతి బరువు నిబంధన ప్రకారం 45.93 గ్రాములకు మించరాదు. చాలామంది అవసరానికి మించి మోసే బంతుల్లో రెండు తగ్గిస్తే ఆ తేడా పోతుంది. తేలికైన స్టాండ్ బ్యాగు రెండు, రెండున్నర కిలోలు ఉంటుందన్నది గుర్తుంచుకుంటే ఇది పెద్ద పెరుగుదల కాదు. నిజంగా బరువు పెంచేది అదనపు జిప్పు పలకలే, కాబట్టి జేబులన్నిటినీ కాకుండా ఎక్కువగా తెరిచే రెండింటినే విడి పలకలుగా చేస్తే చాలు.

ప్రశ్న: బ్యాగుకు విడిభాగాలు ఇచ్చి తీరాలనే చట్టం మన దేశంలో ఉందా?
– ఒక పాఠకుడు, అన్నానగర్

జవాబు: బ్యాగులకు అలాంటి నిబంధన లేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసినప్పుడు వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలనే ఎంచుకుంది. కాబట్టి కొనేటప్పుడే తయారీదారుతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవడమే మార్గం. మొదటి ప్రశ్న అడిగిన తయారీదారుకు కూడా ఇది ఉపయోగపడుతుంది: ప్రతి బ్యాగు లోపలి జేబులో రెండు రన్నర్లు, నాలుగు స్క్రూలు, ఒక బకిల్ ఉన్న చిన్న సంచిని, విడి పలకల కత్తిరింపు కొలతలు అచ్చువేసిన ఒక కాగితాన్ని పెట్టండి. ఆ కాగితం చేతిలో ఉంటే, మీ దుకాణం దాకా రాలేని వారికి ఏ ఊళ్లోనైనా బ్యాగులు కుట్టేవారు అదే కొలతకు కొత్త పలక చేసి ఇవ్వగలుగుతారు.