అమ్మానాన్నలతో జనవరిలో మూడు రోజులు: ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ మూడూ చుట్టి రావచ్చా?

వద్దండి. చెక్ దేశపు రాజధాని ప్రాగ్ ఒక్కటే చూపించండి. మిగతా రెండూ ఎక్కడికీ పోవు.

2024 జనవరిలో నేనూ సరిగ్గా ఇదే లెక్క వేశాను. నేను ఉండేది జర్మనీలోని డ్రెస్డెన్‌లో. సంక్రాంతికి అమ్మా నాన్నా రాజమండ్రి నుంచి వచ్చారు. మళ్ళీ ఎప్పుడొస్తారో అన్న ఆత్రంతో మూడు ఊళ్ళకూ పథకం వేసి, చివరి నిమిషంలో రెండు కొట్టేశాను. ప్రాగ్ నుంచి వియన్నాకు రైల్లో నాలుగు గంటలు, అక్కడి నుంచి బుడాపెస్ట్‌కు మరో రెండున్నర పైనే. జనవరి మధ్యలో అక్కడ తెల్లవారేసరికి ఎనిమిదవుతుంది, సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకుతుంది. ఉన్న కాస్త వెలుగునూ రైలుపెట్టెలో కరగదీసి, చీకట్లో సామాన్లు ఈడ్చుకుంటూ హోటల్ వెతుక్కోవడం పెద్దవాళ్ళకు శిక్షే.

వారంలో ఐదు దేశాలంటూ ప్రకటనలిచ్చే ప్యాకేజీలంటే నాకు ఒళ్ళు మంట. మా పిన్ని అలాంటి యాత్ర చేసి వచ్చింది. ఏం చూశావని అడిగితే బస్సు ఎక్కడెక్కడ ఆగిందో, మరుగుదొడ్డికి ఎంత తీసుకున్నారో చెప్పింది. అంత డబ్బు పోసి తెచ్చుకున్న జ్ఞాపకం అదా!

జనవరి ఎంచుకోవడం మాత్రం మంచి పని. పాత పట్టణం కూడలిలోని క్రిస్మస్ సంత జనవరి 6తో ముగుస్తుంది. ఆ తర్వాత వెళ్తే ఊరు ఊపిరి పీల్చుకుంటున్నట్టు ఉంటుంది. ఒక్క పని తప్పకుండా చేయండి: ఒక రోజైనా పొద్దున్నే ఏడున్నరకల్లా చార్లెస్ వంతెన మీద ఉండండి. చలి అని అమ్మ వద్దంటారు. అయినా తీసుకెళ్ళండి.

మేము వెళ్ళేసరికి ఇంకా దీపాలు ఆరలేదు. రెండు వైపులా బారులు తీరిన ముప్పై విగ్రహాల తలల మీద సన్నగా మంచు. నాన్న విగ్రహాల వైపు చూడనేలేదు. ఆయన నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. 1986 గోదావరి వరదల్లో రాత్రీ పగలూ ఏటిగట్టు మీదే ఉన్న మనిషి. చేతికున్న గ్లౌజు తీసి, పిట్టగోడ రాతి మీద అరచెయ్యి ఆనించి, "సున్నంతోనే కట్టారా?" అని అడిగారు. ఇక్కడ అంతకుముందున్న రాతి వంతెన 1342 వరదలో కూలిపోయిందని, 1357లో నాలుగో చార్లెస్ చక్రవర్తి దీనికి పునాది వేయించాడని, సున్నంలో కోడిగుడ్లు కలిపారని ఇక్కడివాళ్ళు కథగా చెప్పుకుంటారని చెప్పాను.

"కోడిగుడ్డు సొన, బెల్లం, కరక్కాయ. మన పాత కట్టడాలకూ అదే చెబుతారు కదరా" అన్నారు నాన్న.

"పాపం, వీళ్ళకు కరక్కాయ దొరికి ఉండదు" అంది అమ్మ.

పాత పట్టణం వైపు వంతెన మొదట్లో నది గోడలో ఒక రాతి ముఖం ఉంటుంది, గడ్డం ఉన్న మగవాడి తల. పిట్టగోడ మీదుగా వంగి చూస్తే తప్ప కనబడదు. దాన్ని బ్రదాచ్ అంటారు, అంటే గడ్డపాయన. నీళ్ళు ఆయన గడ్డాన్ని తాకితే నది పొంగుతున్నట్టు, బట్టతల దాకా వస్తే కూడలిలో పడవలు నడుపుకోవచ్చన్నట్టు పూర్వం లెక్క. ఇది చెప్పగానే నాన్న ముఖం వెలిగిపోయింది. "ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మనం అంకె చూసి భయపడతాం, వీళ్ళు ఆ ముఖం చూసి భయపడేవాళ్ళన్నమాట" అన్నారు. ఆ తలకూ నీటికీ మధ్య ఎంత ఎడముందో కంటితో కొలుస్తూ అరగంట కదల్లేదు. ఈలోగా కోట వెనక ఆకాశం బూడిదరంగు నుంచి గులాబీలోకి తిరిగింది. పరుగెత్తుకుంటూ పోయిన ఒక అబ్బాయి తప్ప వంతెన మీద మేము ముగ్గురమే. ఎనిమిది గంటల వియన్నా రైలు పట్టుకోవాల్సి ఉంటే ఆ అరగంట మాకు దక్కేదా?

మిగతావి క్లుప్తంగా చెబుతాను. కోటకు నడిచి ఎక్కించకండి, 22వ నంబరు ట్రామ్ పైకి తీసుకెళ్తుంది. ముద్ర పడని కాగితం టికెట్ కొంటే అంతటితో సరిపోదు, పసుపు యంత్రంలో ముద్ర వేయించాలి, లేదంటే జరిమానా. కోట లోపలున్న సెయింట్ వైటస్ చర్చి పని 1344లో మొదలై 1929లో పూర్తయింది. ఈ సంగతి లోపలికి వెళ్ళకముందే చెప్పండి, చూసే చూపు మారుతుంది. పాత పట్టణం కూడలిలోని 1410 నాటి గడియారం దగ్గర బొమ్మల ఊరేగింపు నిమిషమైనా ఉండదు, దానికోసం అరగంట ముందు నుంచి చలిలో నిలబెట్టకండి. అడుగున పట్టున్న బూట్లు కొనండి, అక్కడి రాళ్ళ వీధులు తడిస్తే జారతాయి. అమ్మ చీర లోపల థర్మల్స్ వేసుకుని హాయిగా తిరిగింది. తిండికి వెల్లుల్లి చారు లాంటి సూపు అడగండి, పేరు చెస్నెచ్కా. శాకాహారులైతే పంది మాంసం ముక్కలు వేయవద్దని ముందే చెప్పాలి.

అక్కడ యూరోలు కాదు, కొరునాలు. వీలైన చోటల్లా కార్డే వాడండి. మేము కూడలి దగ్గర ఒక దుకాణంలో రేటు అడగకుండా డబ్బు మార్చి ఇరవై యూరోల దాకా పోగొట్టుకున్నాం. చిన్న మొత్తాలకు మూడు గంటల్లోపు ఆ మార్పిడిని రద్దు చేసుకునే హక్కు 2019 నుంచి చట్టంలోనే ఉంది. మాకు ఆ సంగతి రాత్రి హోటల్లో తెలిసింది. రసీదు మాత్రం పారేయకండి.

మేము వెళ్ళొచ్చిన ఆ 2024లోనే సెప్టెంబరులో చెక్ దేశంలో పెద్ద వరదలు వచ్చాయి. అక్కడి నీళ్ళే ఎల్బే నదిలో కలిసి మా డ్రెస్డెన్‌కు వస్తాయి. విజయవాడను బుడమేరు ముంచి అప్పటికి రెండు వారాలు. నాన్న పొద్దున్నే ఫోను చేశారు. నేను ఎలా ఉన్నానో అమ్మ అడిగాక ఫోను తీసుకుని అన్న మొదటి మాట: "ఏరా, ఆ గడ్డపాయన గడ్డం తడిసిందా?"