జపమాలకి కూర్చోని కోడలు

పాలకొల్లు దగ్గర పల్లె నుంచి ఒక పెద్దావిడ రాశారు. క్రిస్మస్‌కి, ఈస్టర్ ముందు తపస్సు కాలంలో, మార్చిలో గౌరీపట్నం నిర్మలగిరి మరియమాత ఉత్సవాలకి ఇల్లంతా భక్తేనట, ఈస్టర్ తర్వాత పెంతెకోస్తు పండగ దాటిందంటే ఎవరికీ దేవుడు గుర్తుండడట, రాత్రి ఏడున్నరకి జపమాల పట్టుకుంటే ఈవిడొక్కరే, కోడలేమో, తోబుట్టువు మరియ యేసు మాటలు వింటుంటే వంటపనిలో మునిగిపోయిన సువార్తలోని మార్తలాగా ఎప్పుడూ పనీ పనీ, పని అయితే ఫోనూ. ఇంట్లో భక్తి నిలవాలంటే ఏ నవదిన జపాలు మొదలెట్టాలి అని అడుగుతున్నారు.

అమ్మా, నవదినాల సంగతి మీకు నేను చెప్పాలా, జూన్ యేసు తిరుహృదయానిది, అక్టోబర్ జపమాలది, ఏది చెప్పుకున్నా మంచిదే, దాన్ని పక్కన పెడదాం. ఇంత పెద్ద ఉత్తరంలో కోడలి పేరు ఒక్కచోట కూడా లేదేంటండీ? అంతా "ఆ పిల్ల" అనే. పెళ్ళయి తొమ్మిదేళ్ళయిందని మీరే రాశారు.

అబ్బాయి కువైట్‌లో ఉన్నాడని, కోడలు రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్తుందని చివర్లో ఒక లైనులో తేల్చేశారు. నాకైతే అసలు ఉత్తరం ఆ లైనే. పొద్దుట్నుంచి ఐసులో చేతులు పెట్టి రొయ్య తల తీసి తొక్క ఒలిచి, వేళ్ళ చివర్లు నాని తెల్లబడిపోయి, ఆరున్నరకి కంపెనీ బస్సు దిగి వచ్చీరాగానే బియ్యం కడిగే మనిషి ఆవిడ. ఏడున్నరకి ఫోన్ పట్టుకుని మేడ మీదకి పోతుందనే కదా మీ కోపం, మనకి ఏడున్నరంటే అక్కడ అయిదు, మీ అబ్బాయి డ్యూటీ దిగే టైమేమో ఎప్పుడైనా అడిగారా? మొగుడితో మాట్లాడుకునే ఆ కాసేపటికే మీరు జపమాల గంట పెట్టారు.

మార్త పేరు తిట్టులా వాడకండి, ఆవిడా పునీతే. 2021లో పోప్ ఫ్రాన్సిస్ గారు జూలై 29 పండగని మార్త, మరియ, లాజరు ముగ్గురి పేరా పెట్టారు. సోదరుడు లాజరు పోయినప్పుడు ప్రభువుకి ఎదురెళ్ళి, నువ్వే క్రీస్తువి, దేవుని కుమారుడివి అన్నది ఆ మార్తే, యోహాను 11లో ఉంది, చదువుకోండి.

ఏడాదిలో 33, 34 వారాలు పండగ కాలాలేవీ లేని సామాన్య కాలమే, ఫాదర్ గారు పచ్చ వస్త్రాలేసుకునే ఆదివారాలే ఎక్కువ. ప్రభువైనా ముప్పై ఏళ్ళదాకా నజరేతులో పని చేసుకుంటూ ఇంటిపట్టునే ఉన్నాడు. మనకేమో కొత్త చీర, గుమ్మానికి స్టారు, ఉత్సవాల బస్సు ఉంటేనే భక్తి.

ఇంకో మాట, కటువుగా ఉన్నా వినండి. ఆదివారం పూజ తప్పనిసరి, మీ కోడలు అది మానట్లేదని మీరే రాశారు. ఇంట్లో జపమాలకి కూర్చోకపోతే పాపమని తిరుసభ ఎక్కడా అనలేదు. కానీ నీ మీద ఎవరికైనా మనసులో నొప్పి ఉందని గుర్తొస్తే కానుక బలిపీఠం దగ్గరే వదిలేసి ముందెళ్ళి సమాధానపడమని ప్రభువు చెప్పాడు చూడండి, మత్తయి 5లో, అది అత్తగార్లకి వర్తించదని ఏమీ లేదు.

రేపట్నుంచి ఆరింటికి కుక్కర్ మీరు పెట్టేయండి, మోకాళ్ళ నొప్పులున్నా అంతమాత్రం చేయగలరు. ఫోన్ అయ్యాక, తిన్నాక, పిల్లల్ని కూర్చోబెట్టుకుని జపమాలలో ఒక్క రహస్యం, అంటే ఒక్క పదిపూసల భాగం, చెప్పుకోండి, అయిదూ అక్కర్లేదు. కోడలు వస్తే రానివ్వండి, పిలిచేటప్పుడు పేరు పెట్టి పిలవండి. రాకపోతే పడుకోనివ్వండి.

ఫాదర్ గారితో చెప్పి బుద్ధి చెప్పిస్తానని రాశారు, ఆ పని మాత్రం చేయొద్దు. చేశారో, జపమాల సంగతి తర్వాత, మీ ఎదురుగా అన్నానికి కూడా కూర్చోదు.