రేడియేషన్‌కు వెళ్లే మనిషికి పథ్యం పెట్టకండి

"మా అమ్మకు వచ్చే సోమవారం నుంచి రేడియేషన్ మొదలు. ఏమేమి జరుగుతుందో తెలిసినవారు చెప్పండి" అని హనుమకొండ నుంచి ఒకరు అడిగారు. మా బాపుకు బుగ్గ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక హైదరాబాద్‌లో రేడియేషన్ ఇప్పించాం. పక్కనే ఉండి చూసినవాడిగా చెబుతున్నాను. మిషన్‌కు భయపడకండి. ఇంటికి వచ్చి పథ్యం చెప్పే చుట్టాల దగ్గర జాగ్రత్తగా ఉండండి.

వెళ్లగానే మిషన్ ఎక్కించరు. ముందు సీటీ స్కాన్ తీసి, ఎక్కడ ఎంత ఇవ్వాలో లెక్క కడతారు. ఒంటి మీద గుర్తులు పెడతారు, వాటిని రుద్ది చెరపకూడదు. తలకు, మెడకు అయితే ప్లాస్టిక్ జాలీని వేడి నీళ్లలో మెత్తబరిచి ముఖం మీద పరుస్తారు. అది బిగుసుకుని మాస్కు అవుతుంది. రోజూ బల్ల మీద పడుకోబెట్టి దాన్నే బిగిస్తారు. గదిలో రోగి ఒక్కరే ఉంటారు, టెక్నీషియన్ బయటి నుంచి కెమెరాలో చూస్తుంటారు. 'కరెంటు పెడతారట' అని ఊరంతా బాపును బెదరగొట్టింది. మొదటి రోజు ఆయన లేచి వచ్చి "అయిపోయిందా?" అని అడిగాడు. నొప్పే తెలియలేదు.

కష్టం రెండో వారం దాటాక మొదలవుతుంది. బాపుకు నోరు పూసింది, ఉమ్మి చిక్కబడింది, రుచి పోయింది. శని, ఆదివారాలు చికిత్స ఉండదు కాబట్టి నర్సంపేట దగ్గరి మా ఊరికి వచ్చాం. మా మేనత్త మంచం పక్కన కూర్చుని, గుడ్డు వేడి, పప్పు తింటే పుండు చీము పడుతుంది, పెరుగు వద్దే వద్దు అంది. బాపుకు అక్క మాట మీద మరో మాట లేదు. నేను ఎంత వాదించినా వినలేదు, పలుచని జావతోనే సరిపెట్టుకున్నాడు. కొన్నాళ్లకు మాస్కు బిగించిన టెక్నీషియన్ దానికీ బుగ్గకూ మధ్య వేలు పెట్టి చూసి డాక్టరును పిలిచాడు. మనిషి చిక్కిపోయి మాస్కు వదులైంది. ముఖం అటూ ఇటూ కదిలితే కిరణాలు గురి తప్పుతాయి. మళ్లీ స్కాన్, మళ్లీ మాస్కు, అవి తయారయ్యేదాకా చికిత్స ఆగింది.

డాక్టరమ్మ నా ఫోను తీసుకుని మా అత్తతో తానే మాట్లాడింది. "మీ తమ్ముడు తినకపోతే ముక్కులోంచి గొట్టం వేసి పోయాల్సి వస్తుందమ్మా" అంది. ఆ వారం ఊరికి వెళ్లేసరికి అత్తే గుడ్డు ఉడికించి, మెత్తని పెరుగన్నంలో చిదిమి, దగ్గరుండి తినిపించింది. చెడ్డ మనిషి కాదు, ఎవరూ ఆమెకు చెప్పలేదు అంతే. ఇంతమంది రోగులు వచ్చే చోట, ఇంటివాళ్లను కూర్చోబెట్టి తిండి గురించి మొదటి రోజే ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. మనవడిని బాపు దగ్గరికి పంపవద్దని వాడకట్టు వాళ్లు అన్నారు. బయటి మిషన్‌తో ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగలదు. పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, ఒకే కంచంలో తినవచ్చు. రోగం కన్నా ఆ మాటకే బాపు ఎక్కువ కుంగిపోయాడు.

మధ్యలో మానవద్దు. మిర్చిని ఎనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్లాలి, రెండు రోజులు ఆపితే ఏమవుతుందని బాపు అడిగాడు. ఖాళీ ఇస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పుంజుకుంటాయి. మిర్చి నేనే అమ్ముకొచ్చాను.

మీ అమ్మగారికి ఏ భాగానికి ఇస్తున్నారో మీరు రాయలేదు. నోటికో గొంతుకో అయితే సోమవారంలోపే పంటి డాక్టరుకు చూపించండి. పుచ్చుపళ్లు ముందే తీయించి, పుండు మానాక మొదలుపెట్టాలి, తర్వాత తీస్తే దవడ ఎముక మానడం కష్టం. రొమ్ముకైతే ఆ చర్మం నల్లబడుతుంది. దానికి పసుపు, నూనె రాయకండి, వదులైన నూలు బట్టలు వేయండి. జుట్టు కిరణాలు తగిలిన చోటే రాలుతుంది. కాజీపేట నుంచి రైల్లో వెళ్లేటట్లయితే ఆసుపత్రి వారి దగ్గర రైల్వే ధ్రువపత్రం రాయించుకోండి, స్లీపర్‌లో రోగికి టికెట్ ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం తగ్గుతుంది.